వల వదిలినట్టు దవడ వదలడం

క్లినిక్ మూసేశాక నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం రావడం లేదు. పొద్దున కాఫీ గ్లాసుతో వరండాలో మొదలుపెడతాను. వరండా నుంచి గేటు దాకా, గేటు నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా, అక్కడ షేర్ ఆటో కనిపిస్తే ఎక్కి మేడ్చల్ దాకా వెళ్లి, ఏ పనీ లేక తిరిగొస్తాను. ఆటో అతను నన్ను ప్లాట్లు అమ్మే మనిషిననుకున్నాడు. "మేడం, మీది ఏ వెంచరు?" అని అడిగాడు ఒకరోజు. "దవడల వెంచరు" అన్నాను. ఆ పేరుతో కూడా ఒకటి ఉంటుందనుకున్నాడో ఏమో, తల ఊపాడు.

పళ్ల డాక్టర్లకు ముందు పోయేది మెడ. ఏళ్ల తరబడి ఎదుటివాళ్ల నోట్లోకి వంగి చూసి చూసి నా మెడ ఎముకలు అరిగాయి, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. తిమ్మిరి చేత్తో మనిషి నోట్లో పనిముట్టు పెట్టకూడదు. యాభై దాటిన కొద్ది ఏళ్లకే మానేశాను. చేతులు మానేశాయి గానీ కళ్లు మానలేదు. ఆటోలో ఎదురుగా కూర్చున్న ఆవిడ కణత టకటకమని కొట్టుకుంటుంటే ఉండబట్టలేక "అమ్మా, పళ్లు విడదీయి" అన్నాను. ఆవిడ నన్నొక చూపు చూసి, పర్సు దగ్గరకు లాక్కుని, దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదువుతారని ఆశ. నా డిగ్రీలూ, నాకు కప్పిన శాలువాలూ మీకు అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. నేను కథలు అల్లే మనిషిని. అల్లడం నా వైద్యంలో సగం. ఇందులో మొసలి గురించి చెప్పేది నమ్మొద్దు. దవడ గురించి చెప్పేది నమ్మండి.

పెద్ద సార్ చేతులు

నేను పని నేర్చుకున్నది మేడ్చల్‌లో, బస్టాండు వెనక సందులో ఉన్న ఒక క్లినిక్‌లో. అక్కడి పెద్ద సార్‌ది మంచి చెయ్యి. పన్ను పీకితే పీకినట్టు తెలిసేది కాదు. నోరు మూసుకుని ఇంటికి వెళ్లి, అన్నం ముందు కూర్చున్నాక, అక్కడ పన్ను లేదని గుర్తుపట్టిన వాళ్లున్నారు. ఇందులో కొంచెం నా అల్లిక ఉంది.

ఆయన నాకు మొదటి రోజు నేర్పింది కుర్చీ దగ్గర కాదు, కర్టెన్ దగ్గర. కర్టెన్ కొంచెం పక్కకు జరిపి, బయట బెంచీ మీద వరసగా కూర్చున్న వాళ్లను చూపించాడు.

"కుర్చీల కూసున్న మనిషి అబద్ధం చెప్తడు బేటా. బెంచీ మీద కూసున్న మనిషి చెప్పడు. అగో, ఆ చివరాయనను చూడు."

చివరాయన జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. యూనిఫాం తీయకుండా షిఫ్టు నుంచి నేరుగా వచ్చాడు. పేపర్లో ఏదో చదువుతున్నాడు. చదువుతున్నంతసేపూ చెవి కింద, దవడ మూలన, ఒక నిమ్మకాయ లేచి పడుతోంది. అది కండ. కొరికే కండ. ఆయన నోట్లో తినడానికి ఏమీ లేదు. అయినా కొరుకుతూనే ఉన్నాడు.

ఇది నేర్పినందుకు పెద్ద సార్‌కు నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆయన లోపం కూడా చెప్పాలి కదా. ఆయన చేతులు ఊరుకునేవి కావు. పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాణ్ని ఏమీ చేయకుండా పంపడమంటే ఆయనకు అవమానం. ఇంటికొచ్చినవాళ్లను టీ ఇవ్వకుండా పంపనట్టే. "ఇంత దూరం వచ్చిండు, ఉత్తగనే పంపిస్తమా?" అనేవాడు. వచ్చినవాళ్లకూ అదే పట్టింపు. చూసి, "మీ పన్ను బాగానే ఉంది, కండ నొస్తోంది" అంటే మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు. ఈ రెండు మర్యాదలూ కలిసి మేడ్చల్ చుట్టుపక్కల ఎన్ని మంచి పళ్లను ఊడబెరికాయో నాకు తెలుసు. పుచ్చిన పన్ను పీకడం వైద్యం. మర్యాద కోసం పీకడం వైద్యం కాదు. ఇది రాయడానికి నేను వెనకాడడం లేదు, ఆయన కూడా చివర్లో ఒప్పుకున్నాడు కాబట్టి.

పళ్లు కొరుక్కునే ఊరు

తర్వాత నేను శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు మీద సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. ఈ పక్క చెరువు మీద బతికే వాళ్లు, ఆ పక్క కొత్త కాలనీల్లో ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసేవాళ్లు, మధ్యలో లా చదివే పిల్లలు, లారీ డ్రైవర్లు. చదువులు వేరు, వంటలు వేరు. దవడలు మాత్రం అందరివీ ఒకేలా బిగుసుకునేవి.

నమిలేటప్పుడూ, మింగేటప్పుడూ తప్ప పై పళ్లు కింది పళ్లను తాకకూడదు. పెదాలు మూసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక అంగిలికి మెత్తగా ఆనాలి. ఇంతే. ఈ ఇంతే అన్నదే ఎవరికీ చేతకాదు. ఫోన్ చూస్తూ కొరుకుతారు, స్కూటర్ నడుపుతూ కొరుకుతారు, కోపం మింగుతూ కొరుకుతారు, నిద్రలో నూరుతారు. కణతలు లాగుతాయి, చెవి దగ్గర పోటు వస్తుంది. ముందు చెవి డాక్టరు దగ్గరకు పోతారు, తర్వాత కళ్లద్దాలు మారుస్తారు, చివరికి మన దగ్గరకు వచ్చి వేలు పెట్టి ఒక పన్ను చూపిస్తారు. ఆ వేలిని నమ్మకండి. నొప్పి దవడ కండలో పుట్టి పంటి దగ్గర కనిపిస్తుంది.

రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు మంచిదే. కానీ అది హెల్మెట్ లాంటిది. తలను కాపాడుతుంది గానీ బండి పడకుండా ఆపదు. మీరు కొలత తీసి చేయించండి. మార్కెట్లో దొరికేది వేణ్నీళ్లలో ముంచి కొరికి పెట్టుకుంటే కొందరికి నమలడానికి ఇంకో వస్తువు దొరికినట్టవుతుంది. కండలోకి ఇంజెక్షన్లు ఉన్నాయి. నిజంగా అవసరమైనవాళ్లకు అవి మేలే చేస్తాయి. మొహం సన్నబడాలని అడిగితే మాత్రం వేరే డాక్టరును చూసుకోమనండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే మనిషి పళ్లు నూరుతుంటే ముందు నిద్ర డాక్టరు దగ్గరకు పంపండి. ఏ మందులు వాడుతున్నారో అడగండి. కొన్ని మందులే దవడను బిగిస్తాయి. మిగతాదంతా వంటింటి వైద్యం: వేడి గుడ్డ కాపడం, మెత్తటి తిండి, వక్క, గుట్కా, చూయింగ్ గమ్ బంద్. నొప్పి తగ్గేదాకా పానీపూరీ కోసం నోరు బార్లా తెరవడం కూడా బంద్. ఈ చివరి మాట చెప్పినప్పుడు ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక కథల సంగతి. రెండు చేతుల వేళ్లు పేషెంటు దవడ కండల మీద ఆనించి, "మన చెరువు మొసలి తెలుసా మీకు?" అని మొదలుపెట్టేదాన్ని. మొసలికి పంటి పోటు వచ్చిందనీ, పొద్దున క్లినిక్ తెరిచేసరికి మెట్ల మీద పడుకుని ఉందనీ, కుర్చీలో తోక పట్టక రెండు స్టూళ్లు వేశాననీ. మొసలి నోట్లో చెయ్యి పెట్టిన చోటికి వచ్చేసరికి నా వేళ్ల కింద కండ మెత్తబడేది. నోరెళ్లబెట్టి వినేవాడు పళ్లు కొరకలేడు. "ఇదిగో, ఇప్పుడు ఎలా ఉందో చూశారా? ఇలా ఉండాలి మీ దవడ" అని అక్కడ ఆపేదాన్ని. మొసలి పన్ను ఏమైందో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

మొసలి లేదన్న మనిషి

నర్సిమ్లు దగ్గర ఈ విద్య పారలేదు.

అతను చెరువులో చేపలు పట్టేవాడు. నా దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక కొత్త కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్. యూనిఫాం చొక్కా, బెల్టు, బిగుసుకున్న మొహం. పక్కన అతని భార్య యాదమ్మ, రోడ్డు పక్కన చేపలు అమ్మే మనిషి, ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది.

"డాక్టరమ్మా, గీయన పన్ను పీకేయ్‌రి. రాత్రంత పండ్లు కొరుకుతడు, తిరగలి ఇసిరినట్టే. పొద్దుగాల లేస్తె నా మీద ఇసుర్లు. రొట్టె తినరాదు, మాట రాదు. మస్తు పరేషాన్ ఉన్నది."

కుడి పక్క కింది దవడలో వెనక రెండు పళ్లు అప్పటికే లేవు. పీకింది మా పెద్ద సారే. ఇప్పుడు నొప్పి మూడో దాంట్లోకి వచ్చిందట. తట్టి చూశాను, చల్లటిది పెట్టి చూశాను, ఎక్స్‌రే తీశాను. పన్నులో నాకేమీ కనిపించలేదు. దవడ మూలన కండ నొక్కితే మనిషి కుర్చీలోంచి లేచాడు.

సరే, మెత్తబడతాడని మొసలిని దింపాను. మెట్ల దాకా రానిచ్చాడు. ఆ తర్వాత కళ్లు చిట్లించి, "మేడం, గా చెరువుల మొసలి లేదు. మా తాత కాలం నుంచి నీళ్లల్ల ఉన్నం" అన్నాడు. నా వేళ్ల కింద కండ ఇంకా గట్టిపడింది.

"ఆమె ముచ్చట చెప్తాంది, ఇనరాదు?" అంది యాదమ్మ. "మొసలి ఉన్నదో లేదో లెక్క నీకెందుకు?"

"లేనిది ఉన్నదంటె ఎట్లింటరే!"

కథ ఆపేసి, నొప్పి ఎప్పుడు మొదలైందో అడిగాను. చెరువు ఎండి చేపల్లేని ఏడు గేటు డ్యూటీకి వెళ్లాడు. ఆ ఏడే దవడ పట్టేసింది. చెరువు మళ్లీ నిండింది, కానీ పెద్ద సార్ "పంటితోని వల పడుతవు గద, అదే నొప్పి. వల బంద్ చెయ్" అన్నాడు. విసురు వల విసిరేవాళ్లు సీసపు గుండ్లు ఉన్న అంచును కొంత పంటితో పట్టుకుంటారు. నర్సిమ్లు అలవాటు కుడి మూల పంటితో. చూసినవాళ్లెవరికైనా తప్పు వలదే అనిపిస్తుంది. అతనికీ, యాదమ్మకూ, మా సార్‌కూ అలాగే అనిపించింది. వల మానేశాడు. గేటు మానలేదు. నొప్పి పెరిగింది.

"వల ఎలా విసురుతావు? చూపించు" అన్నాను.

యాదమ్మ నవ్వింది. అతను సిగ్గుపడ్డాడు. నేను నా టేబుల్ మీది గుడ్డ లాగి చేతికిచ్చాను. లేచి నిలబడి, ఒక కొస ఎడమ మణికట్టుకు చుట్టుకున్నాడు, కొంత మోచేతి మీద వేసుకున్నాడు, అంచును నోటి మూలన పెట్టుకున్నాడు. నడుము తిప్పాడు. గుడ్డ ఎగిరి వెళ్లి నా కంప్యూటర్ మీద పడింది. ఎగిరిన ఆ క్షణంలో నోరు తెరుచుకుంది. నుదురు, కణత, దవడ, మొత్తం మొహం జారిపోయినట్టయింది.

"అప్పుడు నోరు ఎందుకు తెరిచావు?"

"ఇడువకుంటె ఎట్ల మేడం? వలతోని పండ్లు గూడ పోతయి."

వదలడం ఈ మనిషికి నేను నేర్పక్కర్లేదు. ఎప్పుడు వదలాలో ఒక్కటే చెప్పాలి. గేటు దగ్గర ఏం చేస్తావని అడిగితే, కారు వచ్చినప్పుడల్లా అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ పైకి లేపుతానన్నాడు. "కడ్డీ లేచినప్పుడల్లా వల వదిలినట్టు దవడ వదులు" అన్నాను.

అతనికి అది వైద్యంలా కనిపించలేదు. "పన్ను పీకేయ్‌రి మేడం, జల్దీ అయిపోతది" అన్నాడు మళ్లీ. ఎండాకాలం నీళ్లు తగ్గాక చెరువులో అందరూ కలిసి చేపలు పడతారు. ఈసారి కూడా నీళ్లలోకి దిగకపోతే అతని జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటామని జట్టువాళ్లు చెప్పేశారు. పన్ను పీకించుకుంటే నొప్పి పోతుంది, నొప్పి పోతే దిగుతానని అతని లెక్క. ఆ పన్నే పోతే ఆ మూలన వల పట్టడానికి ఇంకేమీ మిగలదని నా లెక్క.

"సరే నర్సిమ్లు. చేపలు పట్టే రోజు దాకా ఆ పన్ను నాది. నా వస్తువును నువ్వు పీకించకూడదు. ఆ రోజు వచ్చాక కూడా నొస్తే నేనే పీకుతాను."

అతను యాదమ్మ మొహం చూశాడు. "డాక్టరమ్మ అడుగుతాంది గద, ఇయ్యరాదు?" అంది యాదమ్మ, కూరగాయ ఏదో పక్కింటికి ఇమ్మన్నట్టు.

గేటు దగ్గర

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పంటిలో సన్నటి బీట ఉంటే ఎక్స్‌రేలో కనిపించదు. నేను పొరబడి ఉంటే ఒక మనిషిని ఊరికే బాధపెడుతున్నట్టు. పన్నుకు మత్తు ఇచ్చి చూస్తే తేలిపోతుంది. పన్ను మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే తప్పు పన్నుది కాదు. కానీ నర్సిమ్లు సూదికి ఒప్పుకోడు. "సూది ఏసినంక పీకకుంటె దవుడ వంకరైతదంట" అంటాడు. ఈ మాట మా దగ్గర చాలామంది నమ్ముతారు. సూది అంటే పీకడమే. పీకనప్పుడు సూది ఎందుకు?

తొడుగు చేసిచ్చాను, కాపడం చెప్పాను, బుగ్గ కండను వేళ్లతో మెల్లగా రుద్దడం యాదమ్మకు నేర్పాను. "గిదొక్కటి తక్కువైంది నాకు" అంటూనే నేర్చుకుంది. కొంచెం తగ్గినట్టే ఉంది.

ఒకరోజు ఆ కాలనీ సెక్రటరీ వచ్చారు. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. పేరు సత్యనారాయణ గారు.

"మేడమ్ గారూ, మా వాచ్‌మన్ మీ పేషెంటంట కదండీ. కారొచ్చినప్పుడల్లా మా మొహం మీద నోరు తెరుస్తున్నాడండీ. మొన్న మా వియ్యంకుడు గారొస్తే ఆయన్ని చూసి కూడా తెరిచాడు. ఏంటండీ ఇది, వెక్కిరింతా?"

"వైద్యమండీ."

"మా గేటు దగ్గరే చెయ్యాలా అండీ వైద్యం?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవుల కింద రెండు నిమ్మకాయలు లేచాయి. "మీకు పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా?" అన్నాను. ఆయన ఆగిపోయారు. "మా ఆవిడ చెప్పిందాండీ?" అన్నారు అనుమానంగా. కూర్చోబెట్టాను. ఆయనకు మొసలి బాగా పనిచేసింది. మళ్లీ రెండుసార్లు వచ్చి విన్నారు.

ఆ తర్వాత ఆ గేటు దగ్గర కారులోంచి ఈయనా, బయట నుంచి నర్సిమ్లూ ఒకరికొకరు నోళ్లు తెరుచుకునేవారట. ఇది నేను అల్లింది కాదు, యాదమ్మ చెప్పింది. యాదమ్మ అల్లి ఉంటే నా పూచీ లేదు.

పెద్ద సార్ టీ తాగిన రోజు

ఎండలు ముదిరాయి. చెరువు అంచు రోజురోజుకూ లోపలికి జరుగుతోంది. జట్టువాళ్లు నర్సిమ్లు ఇంటికి వచ్చి, "ఈసారి మీ బామ్మర్దిని తీసుకుంటున్నం, నీకు శాతకాదు గద" అన్నారట. ఆ మాటకు నోరు మూసుకుని గేటు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. రెండు రోజుల్లో దవడ మళ్లీ ఇనుములా బిగిసింది.

మధ్యాహ్నం పూట పెద్ద సార్ ఫోన్ చేశాడు.

"బేటా, నీ మనిషి నా కుర్చీల కూసున్నడు. పన్ను పీకమంటాండు."

"సార్, ఆ పన్ను ఆయనది కాదు. నాది."

"ఏందీ?"

చెప్పాను. చెరువు, గేటు, కండ, అన్నీ గబగబా చెప్పాను. "సార్, మత్తు ఇవ్వండి. పట్టకారు ముట్టుకోకండి. బయటికెళ్లి టీ తాగి రండి. వచ్చాక నొప్పి ఉందా అని అడగండి. పోయిందంటే పీకేయండి, నేనేమీ అనను."

"సూది ఏసి నన్ను ఉత్తగ కూసోమంటవా?"

"అవును సార్."

ఆయన చేతులు నాకు తెలుసు. ఆ చేతుల్ని ఒక టీ అయ్యేంతసేపు కట్టేయడం మాటలు కాదు. నా కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు. అతని పంటికి సిమెంటు పెడుతూనే, గోడ మీది గడియారం వైపూ ఫోన్ వైపూ చూస్తున్నాను. అతను "ఆ, ఆ" అంటుంటే నొప్పి అనుకున్నాను. నేను అతని కాలు తొక్కుతున్నానట.

ఫోన్ మోగింది.

"పెదవి మొద్దుబారింది. పన్ను మీద కొడితే తెలుస్తలేదంటాండు." పెద్ద సార్ టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "నొప్పి మాత్రం అట్లనే ఉన్నదంట."

నేను చేతిలోని పనిముట్టు ట్రేలో పెట్టాను.

"వెనుకటి రెండు పీకింది నేనే గద బేటా."

"అవును సార్."

"పంపిస్తున్న. ఉత్తగనే పంపిస్తున్న" అని పెట్టేశాడు.

నర్సిమ్లు మేడ్చల్ నుంచి ఇంటికి వెళ్లకుండా నేరుగా నా దగ్గరకు వచ్చాడు, వెంట యాదమ్మ. చేత్తో బుగ్గ పట్టుకున్నాడు. మొద్దుబారిన పెదవి ఒక పక్కకు వేలాడుతోంది. "సూడుండ్రి మేడం, వంకరైంది. నేను చెప్పలే?"

"ఎప్పుడు సక్కగుండెనయ్యా?" అంది యాదమ్మ.

మత్తు దిగేదాకా కూర్చోబెట్టాను. పెదవి చక్కబడ్డాక అద్దంలో చూసుకుని, దవడ మూలన తనే వేలు పెట్టుకుని నొక్కుకున్నాడు. "అయితె నొప్పి గీడ ఉన్నది" అన్నాడు. మొదటిసారి అతని వేలు పన్ను మీద కాకుండా కండ మీద ఆగింది. ఆ రోజు నుంచి వైద్యం నిజంగా మొదలైంది. అప్పటిదాకా నేను ఒక్కదాన్నే చేస్తున్నాను.

నీళ్లు తగ్గాక

చేపలు పట్టే రోజు తెల్లవారగానే కట్ట మీద ఉన్నాను. పిలిచినవాళ్లు లేరు. నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాను. బామ్మర్ది అప్పటికే మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. నర్సిమ్లు వల భుజాన వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా దిగాడు. జట్టు పెద్ద "ఏమిరా, పండ్లున్నయా?" అన్నాడు. కొందరు నవ్వారు.

నర్సిమ్లు తాడు మణికట్టుకు కట్టుకున్నాడు, వల మోచేతి మీద సర్దుకున్నాడు, గుండ్ల అంచు ఎత్తి నోటి మూలన పెట్టుకున్నాడు. నా పన్ను మీద. ఆ బరువంతా ఆ పన్ను మీద చూసేసరికి నేను చదివిన పుస్తకాలన్నీ మరిచిపోయాను. నడుము తిరిగింది. వల గాల్లో లేచి, గుండ్రంగా విచ్చుకుని, నీళ్ల మీద ఒక్క చప్పుడుతో పడింది. అతని నోరు తెరిచే ఉంది.

మొదటి విసురుకు చేపలేమీ పడలేదు. ఇంత రాసి చేపలు పడ్డాయని చెప్పాలని నాకూ ఉంది. ఒక చెప్పు పడింది. అతను ఆ చెప్పును తీసి గట్టు మీదికి విసిరి, మళ్లీ వల సర్దుకున్నాడు. జట్టు పెద్ద బామ్మర్ది వైపు తిరిగి, "నువ్వు గా పక్కకు జరుగు, ఆయన జాగ ఆయనకియ్యి" అన్నాడు.

ఎండెక్కాక గట్టెక్కి నా దగ్గరకు వచ్చాడు. నేను అడగకముందే దవడ మూలన వేలు పెట్టాడు. "జర నొస్తాంది. కండ నొస్తాంది. పన్ను కాదు."

పన్ను వాపస్

నొప్పి ఎప్పటికీ పోయిందని చెప్పను. దవడ బిగింపు పోయే జబ్బు కాదు, మళ్లీ మళ్లీ వదిలించుకునే అలవాటు. జట్టులో గొడవైనప్పుడు వచ్చేవాడు, కూతురి పరీక్షలప్పుడు వచ్చేవాడు. మీ పేషెంట్లూ అలాగే వస్తారు. వస్తే మీరు ఓడిపోయినట్టు కాదు. పీకేస్తే మళ్లీ రారు, అంత తేలిక. ఆ తేలికే ఈ పనిలో పెద్ద ప్రమాదం. చేతులు ఊరుకోనప్పుడు లేచి టీ తాగి రండి.

నేను క్లినిక్ మూసేస్తున్నానని రోడ్డంతా తెలిసింది. చివరి రోజు కుర్చీ మీద దుప్పటి కప్పుతుంటే నర్సిమ్లు, యాదమ్మ వచ్చారు. ఇద్దరూ శుభ్రమైన బట్టల్లో, పెళ్లికి వచ్చినట్టు.

"మేడం, మీరు బంద్ జేస్తాన్రంట. నా పన్ను నాకు ఇచ్చి పోండ్రి."

"ఏ పన్ను?" అన్నాను.

"మీదే గద పన్ను. చేపలు పట్టే రోజు దాక అన్నరు. ఎన్ని ఎండకాలాలు పోయినయ్, మీరు వాపస్ ఇయ్యలే, నేను అడగలే. రేపు ఎవరన్న పీకుతమంటె నేను ఎవరినడగాలె?"

యాదమ్మ నడుము మీద చెయ్యి పెట్టింది. "అంటె డాక్టరమ్మా, గిన్నేండ్లు గీయన నన్ను కొరుక్క తిన్నది మీ పంటితోనేనా?"

దుప్పటి తీసి కుర్చీలో కూర్చోబెట్టాను. లైటు వేసి చూశాను. పన్ను పైన కొంచెం అరిగింది. ఒక పక్క చదునుగా, నున్నగా ఉంది, వల అంచు ఆనే చోట. చిగురు గట్టిగా ఉంది. అద్దం కాడతో తట్టాను. అతను కళ్లార్పలేదు. నా వేళ్లకు అప్పటికే తిమ్మిరి. అయినా ఆ పన్నును రెండు వేళ్లతో పట్టుకుని కొంచెంసేపు వదల్లేదు.

"ఇదిగో తీసుకో. ఇక నీదే. ఎవరడిగినా నువ్వే జవాబు చెప్పు."

అతను నోరు మూసి, నాలుకతో దాన్ని తడుముకుని, సరిగ్గానే ఇచ్చానో లేదో చూసుకున్నట్టు తల ఊపాడు. లేచి గుమ్మం దాకా వెళ్లాడు. యాదమ్మ మెట్లు దిగింది. అతను వెనక్కి తిరిగి, నా కళ్లలోకి కాకుండా, చెవి కింద, దవడ మూలన చూశాడు. నేను బెంచీ మీది వాళ్లను చూసినట్టు.

"మేడం" అన్నాడు. "వదులుండ్రి."

వదిలాను. మెట్లు దిగి వాళ్లు రోడ్డెక్కేదాకా నా దవడ వదులుగానే ఉంది. తర్వాత మళ్లీ బిగిసింది. అందుకే పొద్దున్నే చెరువు కట్ట దాకా నడుస్తున్నాను, అక్కడ ఎవరైనా వల విసురుతుంటారేమో అని.